గయలో అక్క వదిలేసిన పాలు

పోయిన కార్తీకంలో, పున్నమి వెళ్లిన మూడో నాడు, గురువారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు జరిగింది. టైము తప్పు కాదు. అప్పుడే నేను ఇంటికి ఫోన్ చేశాను. అక్క పొద్దుటి నుంచి ఏమీ ముట్టలేదని మా ఆయనకు చెప్పి, ఆయన ఏమంటాడో వినకుండానే పెట్టేసి, ఫోన్ మీద టైము చూశాను. తల ఎత్తేసరికి అక్క కనబడలేదు. గయ దగ్గర, నది అవతలి ఒడ్డున బక్రౌర్ అనే చిన్న ఊరు అది. ఆ ఊళ్లో మాకు ఏమాత్రం తెలియని వాళ్ల వాకిట్లోకి, ఎవరికీ చెప్పకుండా నడిచిపోయింది.

ఆ వాకిట్లో ఏం జరిగిందో అర్థం కావాలంటే ముందు మాదన్నపేటలో మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలి.

అక్క అంటే నా తోడబుట్టిన అక్కే. అక్కాచెల్లెళ్లం ఇద్దరినీ అన్నదమ్ములిద్దరికీ ఇచ్చారు. పెద్దాయనకు అక్క, చిన్నాయనకు నేను. మాది పాల ఇల్లు. మార్కెట్ వెనక సందులో ముందు భాగంలో మేముంటాం, వెనక కొట్టంలో బర్లుంటాయి. పుట్టింట్లోనూ అదే పని, అత్తింట్లోనూ అదే పని. బస్తీలో పెద్దవాళ్లకు సాయంత్రం బడి పెట్టినప్పుడు నేను వెళ్లి, యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అక్కను కూడా రమ్మన్నాను. "నువ్వు రాసుకో, నేను పిండుకుంట" అంది. అందుకే ఇది నేను రాస్తున్నాను. లేకపోతే ఆమే రాయాల్సిన సంగతి.

బావ, అంటే అక్క భర్త, కిడ్నీలు చెడిపోయి చనిపోయాడు. ఏడాది తిరిగాక అక్క, ఆమె కొడుకు, మా ఆయన, నేను యాత్ర బస్సులో కాశీకీ గయకూ వెళ్లి పిండాలు పెట్టి వచ్చాం. గయలో ఒక పద్ధతి ఉంది. పిండాల పని అయ్యాక పండా, అంటే అక్కడి పురోహితుడు, మనల్ని వరసగా నిలబెట్టి, పోయినవాళ్ల పేరు మీద ఇష్టమైనవి వదిలేయమంటాడు. ఒక కాయ, ఒక పండు. ఆ రోజు నుంచి చచ్చేదాకా అవి నోట పెట్టకూడదు. ఇష్టమైనవి అంటాడు గానీ, నేను చూసినంతలో ఎవరూ ఇష్టమైనవి వదలరు. మా ఆయన కాకరకాయ వదిలాడు. నేను పొట్లకాయ వదిలాను. దాని వాసనే నాకు చిన్నప్పటి నుంచీ పడదు. దేవుడికి ఈ సంగతులన్నీ తెలుసు, ఏమీ అనడు.

అక్క వంతు వచ్చింది. "పాలు" అంది.

ఆ పండా మనవాళ్లతో మాట్లాడీ మాట్లాడీ తెలుగు నేర్చినవాడే. "అమ్మా, కాయ చెప్పాలి, పండు చెప్పాలి" అన్నాడు.

"పాలు. పాలతోని ఏమేం అయితయో అన్ని" అని అక్క దోసిట్లో నీళ్లు కిందికి వదిలేసింది.

అంతే. మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకునేలోపు అయిపోయింది.

వినేవాళ్లకు ఇది పెద్ద సంగతి అనిపించదు. చాయ్ మానేసినవాళ్లు ఎంతమంది లేరు! అక్క సంగతి వేరు. ఆమెకు నోట్లో పళ్లు లేవు. కట్టించిన పళ్లు డబ్బాలో ఉంటాయి, నోట్లో ఉండవు. కడుపులో పుండు. కాస్త కారం తగిలితే చుట్టలు చుట్టుకుపోతుంది. ఎన్నో ఏళ్లుగా ఆమె తిండి ఏమిటంటే, పొద్దున పాలలో నానబెట్టిన బన్ను, రెండు పూటలా మెత్తగా పిసికిన పెరుగన్నం. పాలు తీసేస్తే ఆమె కంచంలో మిగిలేది ఒట్టి మెతుకులే.

గయ నుంచి వచ్చాక ఆ ఒట్టి మెతుకులే తిన్నది. గంజి తాగింది. ఉడికించిన సొరకాయ చప్పగా తిన్నది. ఎండాకాలం పోయి వానలు మొదలయ్యేసరికి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. జాకెట్లు కుట్టు వేసుకోవడం మానేసి వదులుగానే తొడుక్కుంటోంది. పొద్దున పాలు పిండుతూ పిండుతూ ఒక రోజు బర్రె పక్కనే ఒరిగిపోయింది. ఆ బర్రె మంచిది కాబట్టి కాలు కదపలేదు. డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. ఆమె అక్కకు ఏవో మందులు రాసిచ్చి, నన్ను పక్కకు పిలిచింది. పాలో పెరుగో కడుపులోకి పోకపోతే ఈమె ఈ చలికాలం దాటడం కష్టం అని చెప్పింది.

ఆ రోజు నుంచి నాకు నిలకడ లేదు. వంటింట్లోంచి కొట్టంలోకి, కొట్టంలోంచి సందులోకి. చేతిలో చీపురు ఉంటుంది, ఊడ్చను. పొయ్యి మీద గిన్నె పెట్టి వీధిలోకి వస్తాను. "ఏందే, నీ కాళ్లకు చక్రాలు కట్టిండ్రా?" అని మా ఆయన విసుక్కునేవాడు.

ఇంట్లో రోజూ లొల్లే.

"అవ్వా, జెర మజ్జిగన్న తాగే. నీళ్ల లెక్కనే ఉంటయి" అనేవాడు అక్క కొడుకు.

"నీళ్ల లెక్క ఉంటె నీళ్లే తాగుత కద."

"దేవునికి నేను చెప్త తియ్యి."

"నీకూ దేవునికీ ఏం దోస్తానారా? గుడికి పొమ్మంటె పోవు, సిఫారసు చేస్తడట!"

బార్కస్‌లో చాయ్ హోటల్ నడిపే ఆయన ఉన్నాడు. వాళ్ల నాన్న కాలం నుంచీ మా పాలే పోయించుకుంటారు. అక్క సంగతి విని తనే వచ్చాడు. కొట్టం ముందు స్టూలు మీద కూర్చుని, "బడీ అమ్మా, యే క్యా జిద్ హై? గింత మొండిపట్టా? మా దాంట్ల కసమ్, అంటే ఒట్టు, తప్పితే పది మంది గరీబోళ్లకు అన్నం పెడతం. సాఫ్ అయిపోతది. మీ దాంట్ల గట్లాంటిది లేదా?" అన్నాడు.

"మాకు లేదు భాయ్" అంది అక్క.

"లేకపోతే పెట్టుకోండి. ఎవరు వద్దన్నరు?"

నాకు ఆ మాట చాలా నచ్చింది. అక్కకు నచ్చలేదు. ఆయనకు చాయ్ పోసి ఇచ్చింది, ఆ ఆవిరి తగలకుండా ముఖం పక్కకు తిప్పుకుని.

గుడి పంతులును అడిగాను. గయలో వదిలింది గయలోనే అడగాలి గానీ ఇక్కడ తన చేతిలో ఏముందన్నాడు. అప్పటికి మా మేడ మీద అద్దెకుండే సారు గయ వైపే పోవడానికి టికెట్లు చూస్తున్నాడు. ఆయనది కోస్తా. గవర్నమెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. కృష్ణ ఒడ్డున వాళ్ల ఊరి పక్కనే పాత స్తూపం దిబ్బ ఉందట. దాని మీద ఆడుకుని పెరిగాడు కాబట్టి బుద్ధుడంటే పిచ్చి. పేరున్న చోట్లకు పోడు. జనం పోని కొండలు, గుహలు, బీడు పొలాల్లో ఇటుక దిబ్బలు వెతుక్కుంటూ పోతాడు. ఆయన భార్య ప్రతి యాత్రనూ తిట్టుకుంటూనే వెళ్తుంది. ఒక్కటీ వదలదు.

"అక్కయ్యగారూ, మీరిద్దరూ మాతో వచ్చేయండి. గయ చుట్టుపక్కల ఎవరికీ తెలియని చోట్లున్నాయి. ఒకే కొండ మీద అమ్మవారూ బుద్ధుడూ ఇద్దరూ ఉంటారు. మనశ్శాంతిగా ఉంటుంది" అన్నాడు సారు.

"శాంతే, శాంతి! మంచినీళ్లు కూడా దొరకవు ఈయన శాంతిలో. సీసాలు మనమే మోసుకోవాలి" అంది ఆయన భార్య.

"మళ్ల గయకెందుకు? ఒకసారి వదిలి వస్తి కద" అంది అక్క.

"అడిగి చూద్దాం. వాపస్ ఇస్తరేమో" అన్నాను నేను.

"వాపస్ ఇయ్యనీకి చీరెల దుకాణమా?"

అని, కాసేపటికి తనే "సరే, వస్త" అంది. ఎందుకు ఒప్పుకుందో నాకు అర్థం కాలేదు. నేను అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటుందని భయం.

రైల్లో అక్క పడుకునే ఉంది. నేను ఈ తలుపు నుంచి ఆ తలుపుకు నడిచాను. కాగజ్‌నగర్ దాటాక స్టేషన్ బోర్డుల మీద తెలుగు పోయింది, నా అక్షరాలు ఆగిపోయాయి. అంత కష్టపడి నేర్చుకున్న చదువు ఒక రాత్రి ప్రయాణానికి కూడా సరిపోలేదని ఒళ్లు మండింది. చాయ్ అమ్మేవాడు వచ్చిన ప్రతిసారీ అక్క ముఖం చూసేదాన్ని. ఆమె కళ్లు మూసుకునేది. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆయన, "బర్లు మంచిగనే ఉన్నయి. నువ్వు ఒక జాగల కూసో" అనేవాడు. రైల్లో నడుస్తున్నానని ఆయనకు ఎలా తెలిసిందో!

గయలో ఆ పండానే పట్టుకున్నాం. సారు వివరంగా చెప్పాడు, పెద్దావిడ ఆరోగ్యం బాగోలేదు, డాక్టరు చెప్పింది, ఏదైనా మార్గం ఉందా అని. పండా అక్కను పైకీ కిందికీ చూశాడు. జాలి పడ్డాడు కూడా. కానీ, "ఇక్కడ ఇచ్చింది ఇచ్చిందే అమ్మా. నేను తీసుకోలేదు కదా, నేను ఎట్లా ఇస్తాను?" అన్నాడు. పక్కనే కూర్చున్న ఇంకో పండా విని, తను చేయిస్తానన్నాడు. చిన్న పూజ, అరగంట, అయిపోతుంది. నేను సంచీలోంచి అప్పుడే కొబ్బరికాయ తీస్తున్నాను. అక్క లేచి నిలబడింది.

"మొదటాయన నిజం చెప్పిండు. రెండో ఆయన నా మొకం జూసి చెప్పిండు. నడువు" అంది.

ఇక సారు చోట్లు మొదలయ్యాయి. బుధవారం కౌలేశ్వరి కొండకు తీసుకుపోయాడు. అది పొరుగు రాష్ట్రంలో, అడవి దారిలో చాలా దూరం. ఆ కొండ మీద అమ్మవారి గుడి, పైన రాళ్ల మీద బుద్ధుడి బొమ్మలు, జైనుల బొమ్మలు. మేము పోయిన రోజు మేకలు కాసేవాళ్లు తప్ప ఎవరూ లేరు. సారు ఆనందం పట్టలేకపోయాడు. అక్క మొదటి మలుపు దగ్గరే రాతి మీద కూర్చుండిపోయింది. ఊపిరి తీస్తుంటే మెడ దగ్గర గుంట పడుతోంది. "మీరు పోయిరాండ్రి" అంది. నేను కొంచెం పైకి ఎక్కి, ఆమె కనబడకపోయేసరికి మళ్లీ కిందికి దిగాను. దిగితే ఆమె పొమ్మని చెయ్యి ఊపింది. మళ్లీ ఎక్కాను. అమ్మవారిని చూడలేదు, అక్క దగ్గరా కూర్చోలేదు. ఆ కొండ నాకు మధ్య మెట్ల దాకే తెలుసు.

గురువారం పొద్దున్నే దుంగేశ్వరి గుహలకు పోయాం. నది అవతల, ఊళ్లు దాటి, ఎండిన కొండ ఒకటి. సిమెంటు దారి ఉంది, ఎక్కుడు తక్కువ. అక్క నా భుజం పట్టుకుని ఆగి ఆగి వచ్చింది. ఒక గుహలో అమ్మవారు, ఆ పక్క గుహలో బుద్ధుడు. ఆ గుహలోకి వంగి పోవాలి. లోపల నలుగురు పడితే గాలి ఆడదు. నూనె పొగ పట్టిన గోడలు. దీపం వెలుగులో బుద్ధుడు కనబడ్డాడు. నేను మన దగ్గర చూసిన బుద్ధుడు కాదు. బంగారు రంగు వేశారు గానీ లోపల మనిషి లేడు. పక్కటెముకలు దడి కర్రల్లా బయటికొచ్చి ఉన్నాయి. కడుపు వీపుకు అంటుకుంది. కళ్లు గుంటల్లో ఉన్నాయి.

"తిండి మానేసి ఏళ్ల తరబడి ఈ గుహలో కూర్చున్నాడంటారు. ఇలా అయ్యాక, ఇది పద్ధతి కాదని కిందికి దిగి నది వైపు నడిచాడు. బక్రౌర్‌లో పశువుల కాపరుల ఇంటి పిల్ల పాయసం ఇచ్చింది. తిన్నాడు. తిన్నాకే జ్ఞానం వచ్చింది" అని సారు మెల్లగా చెప్పాడు.

నేను ఊరుకుంటానా! "సూసినవా అక్కా? గంతటోడే తిన్నడు. మన లెక్క పాలోళ్ల పిల్లనే పెట్టింది."

అక్క ఆ ఎముకల వైపే చూస్తోంది. "ఆయన జ్ఞానం కోసం మానిండు. నాకేం జ్ఞానమే? నేను దేవునికోసం గూడ మానలే" అంది.

"మరి ఎవరికోసం మానినవ్?"

సారు మమ్మల్ని వదిలి మెల్లగా బయటికి పోయాడు. అక్క కింద కూలబడింది. నేను వంగి నిలబడే ఉన్నాను, తల గుహ పైకప్పుకు తగులుతోంది.

"మీ బావ పోయే వారం ముందు ఒక్క ముద్ద పెరుగన్నం పెట్టవే అన్నడు. డాక్టర్ పాలు పెరుగు వద్దన్నడు కదనే, పెట్టలే. మళ్ల అడిగిండు. మళ్ల పెట్టలే. ఇంటెన్క గన్ని బర్లు. బతుకంత మందికి పాలు పోసిండు. ఆయన అడిగితె నేను లేదన్న. ఆయన నోటికి లేంది నా నోటికెందుకే?"

ఇంత కాలం ఒకే పొయ్యి మీద వండుకుని తింటున్నాం. ఈ మాట నాకు చెప్పలేదు. నేను మెత్తగా మాట్లాడే మనిషిని కాను. ఉన్నదే అన్నాను. "నువ్వు పెడితే ఇంకా నాలుగు రోజులు ముందే పోతుండె. నువ్వు చేసింది మంచి పనే."

"నాకెరుక లేదానే? ఎరుకై ఏం జెయ్యాలె? ఆయన అడిగిన మొకమే కనబడ్తది. గయల పిండం పెడితె తిన్నడో లేదో అడుగుదామని మళ్ల వచ్చిన. ఎవర్నడగాలె? ఎవరు చెప్తరు?"

వెనక నుంచి ఎవరో యాత్రికులు వచ్చి నిలబడ్డారు. లేవక తప్పలేదు. బయటికి వచ్చేసరికి సారు భార్య నీళ్ల సీసా పట్టుకుని నిలబడి ఉంది. అక్క కళ్లు చూసింది. మూత తీసి సీసా చేతికిచ్చింది.

కొండ దిగి బక్రౌర్‌కు వచ్చాం. ఊరి చివర పొలాల దగ్గర చిన్న గుడిలో రంగు బొమ్మలున్నాయి. ఎండిపోయిన బుద్ధుడు, ఎదురుగా గిన్నె పట్టుకుని ఆ పాయసం ఇచ్చిన పిల్ల సుజాత, పక్కన ఒక ఆవు. సారు కథ చెప్పాడు. సుజాత వెయ్యి ఆవుల పాలు పిండి సగం ఆవులకు తాపిందట. వాటి పాలు పిండి మళ్లీ అందులో సగం ఆవులకు. అట్లా తగ్గిస్తూ తగ్గిస్తూ చివరికి చిక్కటి పాలు తీసి పాయసం వండిందట.

"వెయ్యి ఆవులా? పేడ ఎవరెత్తిండ్రు?" అంది అక్క.

సారు పగలబడి నవ్వాడు. సారు భార్య అయితే, "నేను ఇన్నేళ్లుగా వింటున్నానండీ ఈ కథ, ఈ ప్రశ్న నాకు తట్టలేదు" అంది. అక్క కూడా పళ్లు లేని నోటితో కాస్త నవ్వింది. నాకు ఆశ పుట్టింది. గుడి దగ్గరి మనిషి ఆకు దొన్నెల్లో పాయసం ప్రసాదం పంచుతున్నాడు. అక్క చేతికి కూడా ఇవ్వబోయాడు. అక్క దండం పెట్టి, చేతులు వెనక్కి పెట్టుకుంది.

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. దేవుడి ప్రసాదం, బుద్ధుడే తిన్న పాయసం, బొమ్మ కూడా ఎదురుగా ఉంది. ఇంకేం కావాలి? ఆ దొన్నెలోది నేను తిని, దూరంగా దారి మీదికి పోయి ఇంటికి ఫోన్ చేశాను. మొదట్లో చెప్పిన ఫోన్ ఇదే.

అక్క కనబడకపోయేసరికి దారి వెంట ఉరికాను. ఊరి మొదట్లో మట్టి గోడల ఇల్లు. లోపలి నుంచి బర్రె గొంతు వినిపించింది. అరుపు కాదు. ఈనిన బర్రె దూడను పిలిచేటప్పుడు గొంతులోనే తీసే సన్నటి రాగం. పాల ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ చప్పుడు నిద్రలో కూడా తెలుస్తుంది. అక్క ఆ చప్పుడు వినే లోపలికి పోయింది. నేను పోయేసరికి బర్రె పక్కన నిలబడి, దాని నడుము మీద చేయి వేసి ఉంది. దూడ కాళ్లు ఇంకా వణుకుతున్నాయి. నులక మంచం మీద ఒక ముసలామె, పొయ్యి దగ్గర ఆమె కోడలు. వాళ్లు భయపడలేదు. బర్రె బెదరలేదు కదా, అందుకే అనుకుంటాను.

"కబ్ హువా?" అని అడిగింది అక్క, ఎప్పుడు ఈనిందని. మార్కెట్‌లో బేరాలాడే హిందీ మా ఇద్దరికీ వచ్చు.

"కల్ సాంఝ్" అంది ముసలామె. నిన్న సాయంత్రం. "ఆవో, బైఠో" అని మంచం మీద జరిగింది.

అక్క కూర్చుంది. కోడలు లోపలికి పోయి ఇత్తడి గిన్నెలో ఏదో తెచ్చి అక్క చేతిలో పెట్టింది. పసుపు రంగు. నేను గుమ్మం దగ్గర నుంచే గుర్తుపట్టాను. జున్ను. మనం ఆవిరి మీద ఉడికించి ముక్కలు కోస్తాం, వాళ్లు చక్కెర వేసి కలియబెట్టి పొడి పొడిగా చేస్తారు. అంతే తేడా.

ఇక్కడ మా వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. ఈనిన బర్రె మొదటి పాలు మేము అమ్మం, పంచుతాం. ఆ రోజుల్లో ఇంటికి వచ్చిన బయటి మనిషి జున్ను తినకుండా పోకూడదు. వద్దంటే ఆ బర్రె పొదుగుకు చేటు అని మా నమ్మకం. మా ఇంట్లో బర్రె ఈనినప్పుడు ఈ చిక్కు రాలేదు. ఇంటి మనిషికి ఆ పట్టింపు లేదు, అక్క పంచి తను తినకుండా ఊరుకునేది. పుట్టినప్పటి నుంచీ ఆమెది పెట్టే చెయ్యే. ఈనిన ఇంటికి బయటి మనిషిగా పోయి, పెడితే పట్టుకుని కూర్చోవడం ఆమె బతుకులో అదే మొదటిసారి అనుకుంటాను.

అక్క గిన్నె చూసింది, బర్రెను చూసింది. అప్పటికి సారు, ఆయన భార్య, మా కారు డ్రైవరు కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను తినమని చెప్పడానికి నోరు తెరిచాను. సారు భార్య నా చేయి గట్టిగా గిల్లింది.

"తినకుంటె దీని పొదుగు ఉసురు తాకుతది. తింటె ఆయన ఉసురు. నన్నేం జెయ్యమంటవే?" అంది అక్క. నా వైపు చూడలేదు గానీ నన్నే అడిగింది.

ముసలామెకు మాట అర్థం కాలేదు, ముఖం అర్థమైంది. ఏమైందని అడిగింది. అక్క ఆ మార్కెట్ హిందీలోనే చెప్పింది. "మేరా ఆద్మీ దహీ మాంగే. డాక్టర్ నక్కో బోలే. మై నై దీ. వో మర్ గయే." నా మనిషి పెరుగు అడిగాడు, డాక్టరు వద్దన్నాడు, నేను ఇవ్వలేదు, ఆయన చనిపోయాడు.

ముసలామె అంతా విన్నది. తర్వాత గిన్నె వైపు గడ్డం చూపించి, "తో అబ్ దే దో" అంది. అయితే ఇప్పుడు పెట్టు. ఎవరికైనా మంచినీళ్లివ్వమని చెప్పినంత మామూలుగా చెప్పింది.

అక్క లేచింది. వాకిలి గోడ మీద చేత్తో దుమ్ము తుడిచి, గిన్నెలోంచి మొదటి పిడికెడు తీసి అక్కడ పెట్టింది. "తిను. ఇగ ఎవ్వరు వద్దనరు" అంది. ఆ మాట పెద్దగానే అంది. మేమంతా విన్నాం. ఒక గోరింక వచ్చి గోడ మీద వాలి, అటూ ఇటూ చూసి, ఆ జున్ను పొడుచుకు తినసాగింది. అక్క దాన్ని తోలలేదు. దాని పని అది చేసుకుంటుంటే, మంచం మీదికి వచ్చి కూర్చుని, తను ఒక వేలు నోట్లో పెట్టుకుంది.

నేను వాకిట్లో ఆ మూల నుంచి ఈ మూలకు నడుస్తున్నాను. నిలబడితే ఏడుస్తానని తెలుసు. అక్క రెండోసారి తీసుకుంది. మూడోసారి. దవడలు మెల్లగా కదులుతున్నాయి. జున్నుకు పళ్లు అక్కర్లేదు.

"చక్కెర ఎక్కువైంది" అంది చివరికి. గిన్నె మాత్రం ఖాళీ చేసింది. "ఏందే గట్ల తిరుగుతున్నవ్ పిల్లి తీరు? దూడ బెదురుతది, కూసో" అని నన్ను కసిరింది. ఎన్ని నెలలకు కసిరిందో ఆ గొంతుతో!

తర్వాతి సంగతి కూడా చెప్పేస్తాను. మాదన్నపేటకు వచ్చిన రాత్రి, అడగకుండానే పెరుగన్నం కలిపి ఆమె ముందు పెట్టాను. కంచం అంచున ఒక ముద్ద బావకు తీసిపెట్టి, తర్వాత తిన్నది. ఇప్పటికీ అలాగే తింటుంది. గయలో ఇచ్చిన మాట తప్పినట్టా కాదా అని పంతులు కొంచెం నసిగాడు. ఆయనకు నేను చెప్పాల్సింది చెప్పాను, అది ఇక్కడ రాయకూడదు. చలికాలం పోయింది. గాజులు ఇంకా వదులే, మోచేతి దాకా మాత్రం జారడం లేదు. డాక్టరమ్మ ఇంకా తినాలంటోంది. ఆమె తింటోంది. నాకే ఇంకా నిలకడ రాలేదు. తిన్నదా లేదా అని రెండు పూటలా వెళ్లి కంచం చూసి వస్తాను.

ఆ గురువారం ఆ వాకిట్లో ఉన్నవాళ్లు: మా అక్క, నేను, మా మేడ మీది సారు, ఆయన భార్య, గిల్లిన చెయ్యి ఆమెదే, గయ నుంచి మమ్మల్ని తెచ్చిన డ్రైవరు, చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, మంచం మీది ముసలామె, ఆమె కోడలు, ముందు రోజు సాయంత్రం ఈనిన బర్రె, దాని దూడ, గోడ మీది గోరింక. అక్క లెక్కలో ఇంకొకరు కూడా ఉన్నారు. నాకైతే కనబడలేదు. రాయమంది, రాశాను.